పెరటి కోడి మీద పడ్డ నిందలు

పెరట్లో నాలుగు కోళ్లు పెంచుతున్నామని పట్నంలో ఎవరితోనైనా చెప్పి చూడండి. "ఈ కాలంలో కోళ్లేమిటండీ?" అన్న ప్రశ్న ముందు వస్తుంది. దాని వెనకే కంపు, రొచ్చు, జబ్బులు అన్న జాబితా వస్తుంది. ఆఖరున తీర్పు వస్తుంది: "అయినా అది బుర్రలేని పక్షి. గింజ వేస్తే తింటుంది, గుడ్డు పెడుతుంది, అరుస్తుంది. దానికేం తెలుసు?" చదువుకున్నవాళ్లూ చదువుకోనివాళ్లూ, కోడికూర లేనిదే ఆదివారం గడవనివాళ్లూ గుడ్డు కూడా ముట్టనివాళ్లూ అందరూ ఏకమయ్యే మాట ఇది.

ఈ మాట తప్పు. తప్పు మాత్రమే అయితే వదిలేయవచ్చు. ఇది హాని చేసే తప్పు. కోడికి బుద్ధి లేదని ముందే నిశ్చయించుకున్న కంటికి అది చేసే ప్రతి పనీ పిచ్చి చేష్టలాగే కనబడుతుంది. మట్టిలో పొర్లితే మురికి అంటాం. పాదు గోకితే పాడుబుద్ధి అంటాం. పొదుగు మీద కూర్చుని లేవకపోతే మొండితనం అంటాం. తల పక్కకు వంచి చూస్తే వెర్రిచూపు అంటాం. వీటిలో అర్థంలేని పని ఒక్కటి కూడా లేదు. రోజూ చూస్తున్నవాళ్లకు అది తెలుసు. చూడనివాళ్లకోసం నూరేళ్లుగా శాస్త్రజ్ఞులు కొలతలు తీసి మరీ రాసిపెట్టారు.

ముందు ఆ బుర్ర సంగతే తేల్చుకుందాం. ఇటలీలో రోసా రుగాని, లూచియా రెగోలిన్, జోర్జో వల్లోర్తిగారా కలిసి 2009లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. గుడ్డు పగిలి నాలుగైదు రోజులైనా కాని కోడిపిల్లలను అయిదు చిన్న బంతులతో కలిపి పెంచారు. తోడబుట్టినవాళ్లలాగే పిల్లలు ఆ బంతులకు అలవాటు పడ్డాయి. తర్వాత పిల్ల చూస్తుండగా రెండు తెరల వెనక్కు బంతులను ఒక్కొక్కటిగా దాచారు. కొన్నిసార్లు ఒక తెర వెనకనుంచి తీసి రెండో తెర వెనక్కు మార్చారు. పిల్లను వదిలితే బంతులు ఎక్కువున్న తెర వైపే నడిచింది. కళ్లెదుట లేనివాటిని మనసులో కూడుకుని, తీసేసుకుని లెక్క చూసుకుంటేగాని ఇది జరగదు. ఎవరూ నేర్పలేదు. తల్లి కూడా పక్కన లేదు.

పక్షి మెదడు అంటే పుట్టుకతో వచ్చిన అలవాట్ల మూట మాత్రమేననీ, ఆలోచించే భాగం అందులో లేదనీ ఒకప్పుడు పాఠ్యపుస్తకాలే చెప్పేవి. ఆ నమ్మకం మీదే మెదడు భాగాలకు పేర్లు కూడా పెట్టారు. పక్షి మెదడును చదివే శాస్త్రజ్ఞులు కలిసి కూర్చుని ఆ పేర్లను తిరగరాసి, ఎందుకు తిరగరాయవలసి వచ్చిందో 2005లో వివరంగా ప్రచురించారు. మన నోట మాత్రం పాత పాఠమే నానుతోంది.

ప్రయోగశాల మాట అలా ఉంచి పెరట్లోకి రండి. మా పుంజుకు వానపాము దొరికితే వెంటనే మింగదు. ముక్కుతో పైకెత్తుతుంది, కింద పడేస్తుంది, మళ్లీ ఎత్తుతుంది. ఎత్తిన ప్రతిసారీ గొంతులో టుక్ టుక్ టుక్ మని వడివడిగా పిలుస్తుంది. ఎర్ర పెట్ట పరుగున వచ్చి దాని ముక్కు కిందనుంచే లాక్కుని తినేస్తుంది. పుంజు పక్కకు జరిగి మళ్లీ వెతుకులాటలో పడుతుంది. ఇది తిండి కబురు. దగ్గర్లో పెట్ట ఉన్నప్పుడు పుంజు ఈ పిలుపు ఎక్కువగా పిలుస్తుందనీ, ఎవరూ లేకపోతే తగ్గిస్తుందనీ పక్షుల అరుపులు చదివిన పీటర్ మార్లర్ బృందం చూపించింది. పెట్ట దూరంగా ఉంటే ఏమీ దొరక్కపోయినా పిలిచి రప్పించుకునే పుంజులు కూడా ఉంటాయని 1988లోనే రాశారు. ఎదుట ఎవరున్నారో, ఎంత దూరంలో ఉన్నారో గమనించి నోరు విప్పే జీవిని బుద్ధిలేనిది అని ఎలా అంటాం?

ప్రమాదం వచ్చినప్పటి అరుపులు ఇంకా స్పష్టం. ఆకాశంలో గద్ద నీడ కదిలితే పుంజు సన్నగా, పొడుగ్గా ఒక్క కూత వేస్తుంది. పెరడంతా క్షణంలో ఖాళీ. పెట్టలు జామచెట్టు కిందికో, గోలెం వెనక్కో దూరి నేలకు అతుక్కుపోతాయి. అదే గోడ దిగి పిల్లి వస్తే కటకటమని తెంపు లేకుండా అరుస్తుంది. అప్పుడు పెట్టలు దాక్కోవు, మెడలు నిగిడించి పిల్లి ఎక్కడుందో చూస్తాయి. పైనుంచి వచ్చే శత్రువుకు కనబడకుండా ఉండాలి, నేలమీద వచ్చే శత్రువును కనిపెట్టి ఉండాలి. ఆస్ట్రేలియాలోని మక్వారీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన క్రిస్ ఎవాన్స్ ఈ కూతలను రికార్డు చేసి, చుట్టుపక్కల ఏ శత్రువూ లేనప్పుడు కోళ్లకు వినిపించాడు. గద్ద కూత వినగానే అవి దాక్కున్నాయి, రెండో కూత వినగానే మెడలెత్తి చూశాయి. కూత వినగానే వాటికి సంగతి అర్థమైంది. ఈ ఫలితం 1993లో అచ్చయింది. మన అవ్వలు ప్రయోగశాల లేకుండానే ఈ తేడా ఎరుగుదురు. పుంజు కూత తీరు విని వంటింట్లోంచే "గద్ద వచ్చింది, పిల్లల్ని గంప కింద వెయ్యండి" అని కేకేసేవారు.

తల వంచి ఒంటికంటితో చూసే ఆ చూపు కూడా వెర్రిచూపు కాదు. కోడికి రెండు కళ్లూ రెండు పనులు చేస్తాయి. గుడ్డులో పిల్ల ముడుచుకుని ఉండే తీరువల్ల దాని కుడికన్ను పెంకు వైపుకు, ఎడమకన్ను ఒంటి వైపుకు ఉంటాయి. పొదిగే తల్లి లేచినప్పుడల్లా పెంకులోంచి వెలుతురు కుడికంటికే తగులుతుంది. ఆ వెలుతురుతోనే మెదడులో పని పంపకం మొదలవుతుంది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త లెస్లీ రోజర్స్ ఏళ్ల తరబడి చేసిన పరిశోధనలు ఇదే చెబుతాయి. నూకకూ ఇసుక రేణువుకూ తేడా పట్టేది కుడికన్ను, ఆకాశంలో గద్దను కనిపెట్టేది ఎడమకన్ను. నేలమీద గింజ ఏరుకుంటూనే పైన కాపలా కాయగల నేర్పు అది. మనిషికి ఆ నేర్పు లేదు.

ఇక మురికి నింద. పెరటి కోళ్ల చేష్టల్లో అందరికీ రోతగా కనబడేది మట్టిస్నానం. మా ఎర్ర పెట్ట మధ్యాహ్నం ఎండ తగ్గగానే కరివేపాకు చెట్టు మొదట్లో పొడిమట్టి చూసుకుంటుంది. కాళ్లతో గోకి, ముక్కుతో గీకి, ఒళ్లు పట్టేటంత గుంట చేస్తుంది. అందులో ఒక పక్కకు ఒరిగి, రెక్క పొడుగ్గా చాపి, ఈకలన్నీ విప్పార్చుకుని కాళ్లతో మట్టిని ఒంటి మీదికి ఎగదోస్తుంది. మట్టి ఈకల మొదళ్లదాకా దిగాలి. కాసేపు కళ్లు మూసుకుని కదలకుండా పడి ఉంటుంది. కొత్తగా చూసినవాళ్లు చచ్చిపోయిందేమోనని బెంబేలు పడతారు. తర్వాత లేచి నిలబడి ఒళ్లంతా ఒక్క విదిలింపు విదిలిస్తే దుమ్ము పొగలాగా లేస్తుంది. ఆ దుమ్ముతో పాటు ఈకల మీద పేరుకుని పాచిపోయిన నూనె, పేలు, ఈకపురుగులు రాలిపోతాయి. ఆనక తోక మొదట్లో ఉన్న గ్రంథిలోంచి కొత్త నూనె ముక్కుతో తీసుకుని ఒక్కొక్క ఈకనూ దువ్వుకుంటుంది. మనం సబ్బు రాసుకుని, తుడుచుకుని, కొబ్బరినూనె రాసుకున్న పనే ఇది. ఇంత శ్రద్ధగా ఒళ్లు శుభ్రం చేసుకునే జీవిని మురికిది అనడం అన్యాయం.

ఈ స్నానం దానికి ఎంత అవసరమో తెలియాలంటే బోనులో ఉన్న కోడిని చూడాలి. తీగల నేల మీద మట్టి రేణువు కూడా లేకపోయినా అది ఒరుగుతుంది, రెక్క చాపుతుంది, లేని మట్టిని ఒంటి మీదికి ఎగదోసుకుంటుంది. జీవితంలో ఎన్నడూ మట్టి చూడని కోడి కూడా ఈ పని చేస్తుంది. ఈ సంగతికి మళ్లీ వస్తాను.

తోట పాడుచేస్తుందన్న ఫిర్యాదులో కొంత నిజముంది. తోటకూర విత్తనం చల్లిన మడిలోకి కోడిని వదిలితే గంటలో మడి మిగలదు. బెండ మొలకలంటే దానికి మహా ఇష్టం. కాని గోకడం దాని జీవనం. ఆసియా అడవుల్లో తిరిగే ఎర్ర అడవికోడి నేటి పెంపుడు కోళ్లకు మూలం. ఎండుటాకులు గోకి పురుగూ గింజా ఏరుకుని బతికే పక్షి అది. మన కోళ్లలో పసుపు కాళ్లు కనబడతాయి కదా, ఆ రంగు మాత్రం నల్లమల, శేషాచలం వంటి దక్షిణాది అడవుల్లో ఉండే బూడిదరంగు అడవికోడినుంచి వచ్చిందని స్వీడన్‌కు చెందిన లీఫ్ ఆండర్సన్ బృందం 2008లో జన్యువులు పరీక్షించి తేల్చింది. అంటే మన పెరట్లో పాదు గోకుతున్న పక్షిలో మన అడవి కూడా కొంత ఉంది.

ఆ గోకుడుకు చోటు చూపించవలసినవాళ్లం మనం. మొలకలున్న మడికి వెదురు తడిక కట్టాలి. ముదిరిన మొక్కల మొదట్లో రాళ్లు పేర్చాలి. పంట తీసేసిన మడిలోకి కోళ్లను వదిలితే కలుపు గింజలనూ పురుగుల గుడ్లనూ ఏరి తింటాయి, మట్టిని గుల్ల చేస్తాయి, ఎరువు వేసి పోతాయి. ఆ ఎరువు పచ్చిగా వేస్తే వేళ్లు మాడతాయి కాబట్టి ఎండుటాకులతో కలిపి మాగబెట్టాలి. గూట్లో బూడిద, ఊక చల్లి రోజూ ఊడిస్తే కంపు ఉండదు. ఇవేవీ చేయకుండా కోడిని తిట్టడం ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే.

గోల సంగతి. పుంజు తెల్లవారుజామునే కూస్తుంది, నిజమే. నా కోడి కూస్తేనే ఊరికి తెల్లవారుతుందని మురిసిన ముసలమ్మను మనవాళ్లు సామెతకెక్కించి నవ్వుకున్నారు. తెల్లవారడం కోడి చేతిలో లేకపోయినా, తెల్లవారబోతోందని కోడికి ముందే తెలుసు. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంలో త్సుయోషి షిమ్మురా, తకాషి యోషిమురా 2013లో దీన్ని నిరూపించారు. పగలూ రాత్రీ తెలియని మసక వెలుతురులో ఉంచినా పుంజులు తమ లోపలి గడియారం ప్రకారం వేళకు కూశాయి. మందలో పెద్ద పుంజు కూసిన తర్వాతే చిన్నవి వరసగా కూస్తాయని 2015లో మరో పరిశోధనలో చూపించారు. గోలగా వినబడేదాంట్లో వేళాపాళా ఉంది, పెద్దాచిన్నా ఉంది. మందలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్న ఈ వరసను ఒకటో ప్రపంచయుద్ధ కాలానికే నార్వే కుర్రవాడు షెల్డరుప్-ఎబ్బె తన ఇంటి కోళ్లను చూస్తూ పట్టుకున్నాడు. 1922లో అతను అచ్చువేసిన ఆ పరిశీలన తర్వాత ఎన్నో జంతువుల, మనుషుల సమూహాలను అర్థం చేసుకోవడానికి దారి చూపింది.

ఇరుగుపొరుగు నిద్ర పాడవుతుందంటే దానికి తేలికైన ఉపాయం ఉంది. ఇరుకు వాడలో పుంజును పెంచవద్దు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది, అవి పొదగడానికి పనికిరావు గాని తినడానికి ఏ లోటూ లేదు. ఫ్రాన్స్‌లో ఒలెరాన్ దీవిలో మోరీస్ అనే పుంజు కూత మీద పొరుగువాళ్లు కోర్టుకెక్కితే 2019లో న్యాయస్థానం పుంజు పక్షాన తీర్పు చెప్పింది. పల్లె చప్పుళ్లనూ వాసనలనూ వారసత్వంగా కాపాడుతూ 2021లో ఆ దేశం చట్టమే చేసింది. పట్నంనుంచి వచ్చినవాళ్ల సుఖం కోసం పల్లె గొంతు నొక్కరాదని వాళ్లు తెలుసుకున్నారు. మనం రాత్రి పన్నెండుదాకా మైకులు భరిస్తాం, కోడికూత మాత్రం భరించలేమంటాం.

పొదుగు కోడి మొండితనం గురించి కూడా చెప్పాలి. పెట్టకు పొదుగు వచ్చినప్పుడు చెయ్యి పెడితే ఈకలు నిక్కబొడుచుకుని పొడుస్తుంది. మేత మీదికి రోజుకు ఒకటి రెండుసార్లు లేచి గబగబా నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి మళ్లీ గంపలోకి పరిగెత్తుతుంది. 21 రోజులు ఇదే తపస్సు. ఈ రోజుల్లో అది గుడ్లను మాటిమాటికీ ముక్కుతో దొర్లిస్తుంది, లేకపోతే లోపలి పిండం పెంకుకు అతుక్కుపోతుంది. పగలబోయే ముందు గుడ్డులోంచి పిల్ల కీచుమంటుంది, తల్లి గొంతు తగ్గించి జవాబు చెబుతుంది. పెంకు దాటకముందే వాటికి మాటలు కలుస్తాయి. బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో జోఆన్ ఎడ్గర్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధనలో పిల్లల ఈకల మీదికి గాలి ఊదితే, తన ఒంటికి ఏమీ తగలకపోయినా తల్లి గుండె వేగం పెరిగింది, కళ్ల దగ్గర ఉష్ణోగ్రత పడిపోయింది, పిల్లలను పిలవడం ఎక్కువైంది. పిల్లకు వచ్చిన ఇబ్బందికి తల్లి ఒళ్లు కంగారు పడింది. ఈ తల్లితనాన్ని మనవాళ్లు గుర్తించారు కాబట్టే పొదుగు లేచిన కోడికి ప్రత్యేకంగా మేత పెట్టేవారు. పాత కుండలో గడ్డీ పేడా తడిపి కూరి పుట్ట దగ్గర బోర్లిస్తే రాత్రికి చెదలు పట్టేవి. తెల్లారి వాటిని పిల్లల ముందు దులిపేవారు. బుద్ధిలేని జంతువుకు ఎవరూ అంత మర్యాద చేయరు.

మరో విడ్డూరం చూడండి. పుంజు పందెం దగ్గరకు వచ్చేసరికి ఇదే సమాజం దానికి ఎక్కడలేని తెలివీ అంటగడుతుంది. డేగ, కాకి, సేతువ, పర్ల, నెమలి అంటూ రంగురంగుకూ పేరు పెట్టాం. ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో కుక్కుట శాస్త్రం తిరగేసి వాదించుకుంటాం. పల్నాటి యుద్ధానికే కోడిపందెం నాంది అని కథ చెప్పుకుంటాం. కాలికి కత్తి కట్టినప్పుడు వీరుడైన పక్షి, పెరట్లో బతకనిస్తే బుర్రలేనిదైపోతుందా? మన లాభానికి తగినట్టు దాని గుణాన్ని మార్చి చెప్పడం తప్ప ఇందులో వేరే న్యాయం లేదు.

జబ్బుల భయం ఉత్తది కాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి ఫారాల్లో కోళ్లు కుప్పలుగా చచ్చాయి. పెరటి కోడికీ అది రావచ్చు. అందుకని చేయవలసిన పనులు తెలిసినవే. చచ్చిన పక్షిని ఒట్టి చేత్తో ముట్టకూడదు. వరసగా చస్తుంటే పశువైద్యుడికి చెప్పాలి. గూడు ఊడ్చాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పిల్లకు వారం లోపు కొక్కెర తెగులు టీకా చుక్కలు వేయించాలి, తర్వాత పశువైద్యుడు చెప్పిన వేళకు ఇంజెక్షన్ వేయించాలి. కుక్కను పెంచేవాళ్లు రేబిస్ టీకా వేయిస్తారు. రేబిస్ ఉంది కాబట్టి కుక్కలే వద్దని ఎవరూ అనరు. కోడి దగ్గరే ఈ వాదన ఎందుకు వస్తోంది?

బజారులో గుడ్డు చవకగా దొరుకుతుంటే ఈ అవస్థ ఎందుకన్నది చివరి ప్రశ్న. ఇక్కడే బోను సంగతికి వస్తాను. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెట్టి, నడుమ పొదుగుకు కూర్చుని, ఈకలు రాల్చుకుని విశ్రాంతి తీసుకుంటుంది. ఫారం కోడి 300 దాటి పెడుతుంది. దానికి పొదిగే గుణమే తరతరాల ఎంపికతో తీసేశారు. ఉత్తరం రాసుకునే ఏ4 కాగితమంత చోటు కూడా దానికి దక్కదు. రెక్క చాపలేదు, గోకలేదు, మట్టిలో పొర్లలేదు. ఐరోపా యూనియన్ అలాంటి బోనులను 2012 జనవరి 1 నుంచి నిషేధించింది. మన లా కమిషన్ కూడా 2017లో 269వ నివేదికలో ఈ బోనుల బాధను చర్చించి, నియమాలు చేయమని సూచించింది. అయినా ఊళ్లలో పెద్దగా ఎవరికీ పట్టలేదు. ఎందుకు పడుతుంది? కోడికి బుద్ధి లేదు, బాధ లేదు, దానికేం తెలుసు అన్న మాట మనల్ని నిశ్చింతగా ఉంచుతోంది. పెరటి కోడిని వెక్కిరించే మాటకూ ఫారం కోడిని బోనులో కుక్కే మాటకూ మూలం ఒక్కటే.

అందరూ కోళ్లు పెంచి తీరాలని నేననను. నాలుగో అంతస్తులో ఉండేవాళ్లకు అది కుదరదు, కుదరనిచోట తెచ్చిపెట్టడం కోడికే హింస. కాని పెరడున్నవాళ్లు సిగ్గుపడనక్కరలేదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం పెరటి పెంపకం కోసమే వనరాజ, గ్రామప్రియ వంటి రకాలు తయారు చేసింది. ప్రభుత్వమే ప్రోత్సహించే పనిని కాలనీ సంఘాలు నామోషీగా చూడడం మానాలి. గొడవ చేసి నియమం పెట్టే ముందు ఎన్ని కోళ్లు, ఎంత చోటు, ఎలాంటి శుభ్రత అని అడగాలి. బడిలో పిల్లలకు "కోడి మనకు గుడ్లు ఇచ్చును, మాంసము ఇచ్చును" అని చెప్పి ఊరుకోకుండా, దాని కూతలనూ దాని మట్టిస్నానాన్నీ చూపించాలి.

కోడి మన ఇళ్ల చుట్టూ వేల ఏళ్లుగా తిరుగుతోంది. ఇన్నేళ్లలో అది మన అడుగుల చప్పుడు, నూకల గిన్నె మోత, మన చేతిలోని కర్ర, మన వేళలు అన్నీ నేర్చుకుంది. మనం దాని గురించి నేర్చుకున్నది దాని ధర మాత్రమే. బుద్ధి తక్కువైంది ఎవరికో ఇక తేల్చుకోవలసింది మనమే. తేల్చుకున్నాక, దాన్ని బుర్రలేనిది అనే హక్కు మనకు ఉండదు.